బుడ్డోడి మొక్కు

అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి. ఒత్తులు తప్పితే, దీర్ఘాలు జారితే మన్నించండి. నేను నెమ్మదిగా రాస్తాను. ఇది జోగులమ్మ సంగతి. ఏటా చలికాలంలో మా కల్లం పక్కన బండి నిలిపి, మిరప ఏరే కూలోళ్లకు దుప్పట్లు అమ్ముకునే మనిషి. రాయమని తనే అడిగింది.

చలి ముదిరిందంటే జోగులమ్మ నాగర్‌కర్నూల్లో ఉండదు. డీజిలు ట్రాలీ బండి తీసుకుని దక్షిణానికి దిగుతుంది. వనపర్తి, కొత్తకోట, గద్వాల, చివరికి మానవపాడు. ఆ బండే ఆమెకు ఇల్లు. వెనక రేకు కప్పు, ఒక పక్క నులక మంచం, దాని కింద గ్యాస్ పొయ్యి, బియ్యం డబ్బా. రెండో పక్క తాళ్లతో కట్టిన దుప్పట్లు, రగ్గులు. తలుపు దగ్గర గోనెపట్టా మీద బుడ్డోడు.

బుడ్డోడంటే పొట్టేలు. తల్లి చచ్చిన పిల్లను తెచ్చి ఆమె భర్త బాలకిష్టయ్య సీసాపాలతో పెంచాడు. వాళ్లకు పిల్లలు లేరు. బాలకిష్టయ్య గద్వాలలో నేతపని చేసేవాడు. మగ్గం గుంటలో కూర్చుంటే దమ్ము, ఆయాసం ఎక్కువవుతోందని పని మానేసి దుప్పట్ల వ్యాపారం పెట్టాడు. మోకాళ్లు పట్టేశాక బండి నడపడం భార్యకు నేర్పి తాను పక్కన కూర్చున్నాడు. పోయిన చలికాలం ఊపిరి అందక గద్వాల దవాఖానలో పడ్డప్పుడు చెల్లెలు పద్మమ్మ ఎదుటే గద్వాల జములమ్మ తల్లికి మొక్కుకున్నాడు. "ఈ చలికాలం గడిపియ్యి తల్లీ. మా బుడ్డోన్ని నీకిస్త."

జములమ్మ తల్లి గడిపించింది. ఎండలు కూడా గడిచాయి. వానల్లో పోయాడు.

మొక్కు మాత్రం మిగిలింది. ఈసారి బండి దక్షిణానికి బయలుదేరుతుంటే బుడ్డోడు ఎప్పటిలాగే ముందుకాళ్లు పైకి పెట్టి, ఎక్కించమని చూశాడు. వెనకనుంచి తోసి ఎక్కించేటప్పుడు జోగులమ్మ చేతులు ఎందుకో ఆలస్యం చేశాయి.

వనపర్తి బజారులో ఆమె మైకు వేసింది. "రాండ్రమ్మా రాండ్రి! కప్పుకుంటే కన్నతల్లి ఒడిలెక్కుంటది!" అని బాలకిష్టయ్య గొంతు బజారంతా వినిపించింది. ఫోన్‌లో ఎప్పుడో నింపిపెట్టిన గొంతు అది. ఆ గొంతు వినగానే బుడ్డోడు చెవులు నిక్కించి, బండి చుట్టూ చూసి, మళ్లీ పడుకున్నాడు. ప్రతి ఊళ్లోనూ అంతే.

కూరగాయల యాదమ్మ బుట్ట వదిలేసి వచ్చింది. "ఏం జోగులక్కా, మా బావేడి? గొంతు ఇనబడుతుంది, మనిషి కనబడడు!"

"వానలళ్ల పోయిండే."

యాదమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మరి గా గొంతు..."

"నాకు గట్ల ఒర్లనీకి రాదు. ఇంకా ఆయనే అమ్ముతుండు."

యాదమ్మ పొట్టేలు వీపు నిమిరింది. "వీడేంది, గింత బలిసిండు! ఎవరికన్న అమ్ముతవా?"

"వాడు జములమ్మ తల్లికి పోతుండు," అంది జోగులమ్మ. ఆ మాట పైకి అనడం అదే మొదలు. అన్నాక రెండు దుప్పట్లు మడతలు విప్పి మళ్లీ మడిచింది.

కొత్తకోట దగ్గర హైవే పక్క దాబా కుళాయి కింద బుడ్డోడికి నీళ్లు పోసింది. జాతరకు శుభ్రంగా తీసుకుపోవాలి కదా. పోసినంతసేపూ వాడు కదల్లేదు. చేలో నిలబెట్టిన బెదురుబొమ్మలా నిలబడ్డాడు. బండికి దూరంగా నడిపించుకుపోయి, "ఇగ దులుపు" అంది. అప్పుడు ఒళ్లంతా విదిలించాడు. పళ్లు తోముకుంటున్న లారీ డ్రైవరు నిలువునా తడిశాడు.

"ఏందమ్మా, నీ పొట్టేలు మిలిట్రీల చేసిందా? ఆర్డరిస్తే గాని దులపదా?"

"మా ఇంటాయన నేర్పిండు. దుప్పట్ల మీద తడి పడితే ముక్కిన వాసనొస్తది, ఎవరు కొంటరు?" అంటూ గుప్పెడు శనగలు బుడ్డోడి నోటికి అందించింది. అదీ ఆయన పద్ధతే. చెప్పకముందు దులిపితే శనగలు లేవు.

గద్వాలలో పద్మమ్మ ఎదురొచ్చి వదినను పట్టుకుని ఏడ్చింది. పద్మమ్మ భర్త కురుమూర్తి మగ్గం ఆపి జాతరకు వచ్చాడు. తల్లి గుడి దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. డప్పులు, బోనాలు, బొరుగుల అంగళ్లు. వాళ్ల ఇంట్లో ఉన్న రివాజు ఒకటే. మొక్కిన పొట్టేలు మీద పసుపునీళ్లు పోయాలి. అది ఒళ్లు దులిపితే తల్లి ఒప్పుకున్నట్టు. మూడు చెంబులు పోసినా దులపకపోతే వద్దన్నట్టు, ఇంటికి తోలుకుపోవాలి.

పద్మమ్మ మొదటి చెంబు పోసింది. బుడ్డోడు నిలబడ్డాడు.

"చెవులళ్ల పొయ్యి," అన్నాడు కురుమూర్తి.

రెండో చెంబు చెవుల్లోకి, వెన్ను మీదికి పోసింది. నీళ్లు కడుపు కింద నుంచి ధారగా కారుతున్నాయి. బుడ్డోడు జోగులమ్మ ముఖంలోకి చూస్తున్నాడు.

అప్పటికి గాని ఆమెకు తట్టలేదు. వాడు మాట కోసం చూస్తున్నాడు. ఆ ఒక్క మాట తన నోట్లో ఉంది.

చుట్టూ జనం చేరారు. "ఓ కురుమూర్తి, పొట్టేలు కంటే ముందు నీకే వణుకొచ్చేటట్టుంది!" అన్నాడొకడు. "జర డప్పు దగ్గరికి తెండ్రయ్యా!" అన్నాడింకొకడు. డప్పు చెవి దగ్గరే మోగింది. బుడ్డోడి కాళ్లు వణికాయి గాని ఒళ్లు కదల్లేదు.

మూడో చెంబు పోసేముందు పద్మమ్మ ఆగింది. "వదినా, నువ్వు జర చెప్పరాదు? నీ మాట ఇంటడు."

జోగులమ్మ నోరు తెరిచింది. ఆయన ఇచ్చిన మాట ఆయనతోనే పోవాలా, తాను నిలబెట్టాలా? ఆయన అడిగినంతా తల్లి ఇచ్చింది కదా. మాట గొంతుదాకా వచ్చింది. బుడ్డోడు చెవులు నిక్కించాడు, మైకులో ఆయన గొంతు విన్నప్పటిలాగే.

"నేనేం చెప్తనే," అంది జోగులమ్మ. "తల్లి ఇష్టం."

మూడో చెంబు ఖాళీ అయింది.

"పాయె," అన్నాడు కురుమూర్తి. జనం పక్క మొక్కు దగ్గరికి కదిలిపోయారు. పద్మమ్మ చెంబు పట్టుకుని అక్కడే కూలబడింది. "మా అన్న ఆఖరి మొక్కు గూడ తల్లి తీసుకోలే. ఏం పాపం చేసిండు వదినా మా అన్న?"

జోగులమ్మ దగ్గర దానికి జవాబు ఉంది. చెప్పలేకపోయింది. ఆడబిడ్డ తల నిమరబోయిన చెయ్యి మధ్యలోనే ఆగింది. "అన్నం తిని పో అక్కా," అని కురుమూర్తి అన్నా ఆగలేదు. కూలోళ్లు చూస్తుంటారని చెప్పి బండెక్కింది.

మానవపాడు దారిలో ఎండ ఏటవాలుగా పడుతోంది. అటూ ఇటూ చేలల్లో ఎర్రగా మిరపకాయలు. పక్కసీటు ఖాళీగా ఉంది. అద్దం సరిగ్గా తిప్పమనేవాళ్లు లేరు, మెల్లగా పొమ్మనేవాళ్లు లేరు. గతుకులు వస్తే వెనక బుడ్డోడి కొమ్ములు రేకుకు కొట్టుకుని టంగుమనేవి. ఇవాళ ఆ చప్పుడు కూడా లేదు. ఆమెకు భయమేసి బండి పక్కకు ఆపింది.

తలుపు తీస్తే, వాడు నిలబడే ఉన్నాడు. ఉన్ని అంతా పసుపునీళ్లతో అట్టకట్టింది. కాళ్ల కింద గోనెపట్టా తడిసి ముద్దయింది. చలికి గజగజ వణుకుతున్నాడు. దుప్పట్ల కట్టల మీద మాత్రం ఒక్క చుక్క పడలేదు.

"అయ్యో నా కొడకా, ఇంకా గట్లనే ఉన్నవా," అని కిందికి దింపుకుంది. చేను గట్టుదాకా నడిపించింది. వాడు ఎదురుచూస్తూ నిలబడ్డాడు. ఆమె గట్టు మీద కూర్చుని, ముక్కు చీది, అప్పుడు అంది.

"ఇగ దులుపురా."

కొమ్ముల నుంచి తోకదాకా విదిలించాడు. పసుపు చుక్కలు ఆమె ముఖం మీద, తెల్లబడిన జుట్టు మీద, కొంగు మీద పడ్డాయి. తుడుచుకోలేదు. గద్వాల వైపు తిరిగి చేతులు జోడించింది. ఏమని మొక్కాలో తెలియలేదు. చేతులు దించేసి, కొంగుముడి విప్పి శనగలు తీసింది. కొత్త దుప్పటి ఒకటి, అమ్మాల్సింది, కట్టలోంచి లాగి వాడి వీపు మీద కప్పింది.

వాడు శనగలు నములుతూ, ఖాళీగా ఉన్న ముందుసీటు వైపు తల తిప్పి చూశాడు. ఆమె కూడా చూసింది.

ఆ సాయంత్రం మా కల్లం దగ్గరికి బండి వచ్చినప్పుడు మైకు మోగలేదు. ఏమే, గొంతు రాలేదేందని అడిగాను. "ఈ పూటకు ఊకుండనీ," అంది. మళ్లీ గద్వాల పోతావా, ఆడబిడ్డకు చెప్తావా అని అడిగితే, "నా నోటితోటి కాదు. నువ్వు రాయి, ఆమె చదువుకుంటది," అంది.

తిరుపతమ్మ, అరవై ఎనిమిదేళ్లు, ప్రస్తుతం మానవపాడులో నివాసం.