రెండో డాక్టర్ సంతకం

నరహరి డాక్టర్ పోయిన పన్నెండో దినం గుర్వయ్య నార్కట్‌పల్లి బ్యాంకుకు పోయి కాయిదం మీద సంతకం పెట్టిండు. కౌంటర్‌ల పిల్ల దాన్ని జూసింది, కంప్యూటర్‌ల జూసింది, మళ్ల గుర్వయ్య మొకం జూసింది.

"గిది నీ సంతకమేనా పెద్దయ్యా?"

గుర్వయ్య వంగి జూసిండు. కాయిదం మీద ఉన్నది రాంచందర్ డాక్టర్ సంతకం. ముందల పెద్ద ఇంగ్లీషు అచ్చరం, దానెంక పాము పాకినట్టు ఒక గీత, కింద రెండు సుక్కలు. తన సంతకం గది గాదు. బడిల పంతులు దిద్దిచ్చిన గుండ్రని తెలుగు అచ్చరాలు తనయి. ఇంకో కాయిదం అడుక్కొని, ఊపిరి బిగవట్టి పెట్టిండు. మళ్ల గదే గీత పాకింది.

"రేపొస్త బిడ్డా" అని బయటికొచ్చి మెట్ల మీద కూసున్నడు. కుడిచెయ్యిని తొడ కింద పెట్టుకున్నడు.

గుర్వయ్య ఊరి సర్కారు దవాఖానల అటెండర్. ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ కింద పదకొండేండ్ల నుంచి చేస్తుండు. తాళం తీసుడు, ఊడ్సుడు, చీటీలు రాసుడు, పొద్దున్నే హాజరు రిజిస్టర్ తెచ్చి టేబుల్ మీద పెట్టుడు ఆయన పని. ఆ ఊరు పెద్ద రోడ్డుకు ఎనిమిది కిలోమీటర్లు లోపలికుంటది. చుట్టుపట్ల ఇరవై ఊర్లకు గదే దవాఖాన. రాత్రింబగళ్లు కాన్పులు జరగాలె గనుక ఇద్దరు డాక్టర్లుండాలె. కాయిదంల ఇద్దరుండిరి. కుర్చీల మాత్రం ఒక్కడే.

ఆ ఒక్కడు నరహరి. చిట్యాల పద్మశాలోల్ల పిలగాడు, తండ్రి ఇప్పటికీ మగ్గం దిగలేదు. కాంట్రాక్టు నౌకరి. మార్చి వచ్చిందంటే ఉంచుతరో తీసేస్తరో తెల్వది, గందుకే లీవు అడగాల్నంటే జంకెటోడు. రెండో డాక్టర్ రాంచందర్‌ది సుత కాంట్రాక్టే. ఆయన నెలకు రెండుమాట్ల కనవడెటోడు. కడమ దినాలు హైదరాబాద్‌ల రూం కిరాయికి తీసుకొని పైచదువు సీటు కోసం చదువుకుంటుండె.

గుర్వయ్య మనవరాలికి గుండెల రంధ్రముందని తెలిసినప్పుడు, తన దోస్తులతోటి మాట్లాడి పట్నంల ఆపరేషన్ చేపిచ్చింది రాంచందరే. ఆ పిల్ల ఇప్పుడు ఆరో తరగతి. ఆపరేషన్ అయిన నెలకు ఆయన ఫోన్ జేసిండు.

"గుర్వయ్యా, బస్సు తప్పిపోయింది. నా జాగల జర గీత గియ్యి."

ఒక్కనాడే గదా అని గీసిండు. రెండేండ్లు గీసిండు.

నరహరికి తెల్వదని గాదు. ఒకనాడు రిజిస్టర్ జూసి నవ్విండు. "రాంచందరన్న కంటె నువ్వే మంచిగ పెడుతున్నవ్ గుర్వన్నా. పోనియ్యి, ఆయనకైన సీటు రానీ." గంతే, మళ్ల ఆ ముచ్చట ఎత్తలే. కాని దినాం పొద్దున మొకం కడుక్కొని వచ్చి అడిగెటోడు.

"ఇయ్యాల అన్న వస్తుండా?"

"వస్తడంట సార్."

గుర్వయ్య ఎవరికీ ఫోన్ చెయ్యకుంటనే ఆ మాట చెప్పెటోడు. ఆయన మనసు జర నిమ్మలపడుతదని.

రాష్ట్రమొచ్చిన నాలుగో ఏడు వానకాలం జొరాలు ఊర్లను పండవెట్టినయ్. మంచాలు చాలక వరండల చాపలేసిన్రు. నరహరి మూడు దినాలు ఇంటికి పోలే. ఆ మూడు దినాలల్ల కాన్పులే నాలుగు. నాలుగో దినం పొద్దున ఏడింటికి, "గంటసేపట్ల తానం జేసి వస్త" అని బండి తీసిండు. చిట్యాల ఇంకో మూడు కిలోమీటర్లుందనంగ రోడ్డు పక్క ఆగి ఉన్న లారీని ఎనకనుంచి గుద్దిండు. బ్రేకు వేసిన గుర్తన్న లేదన్నరు పోలీసులు. బండి మీదనే నిద్రవోయిండు.

గదే గడియకు గుర్వయ్య రిజిస్టర్‌ల ఆనాటి రెండో సంతకం గీస్తుండె.

ఆ తర్వాత దవాఖాన మారింది. డాక్టర్ల గదిల రెండు కుర్చీలుంటయ్. నరహరి కుర్చీ ఖాళీగనే ఉంటుండె. గుర్వయ్యను పట్టింది రెండో కుర్చీ. పొద్దున తాళం తీస్తే దాంట్ల ఎవరో కూసున్నట్టుంటుండె. తెల్లకోటు, ఒళ్లె పెట్టుకున్న చేతులు, మొకం లేదు. రాంచందర్ గాదు. రాంచందర్ నవ్వు మనిషి, గిట్ల కూసోడు. కళ్లు నులుముకొని చూస్తే ఎవ్వరుండకపోదురు. కాని కుర్చీ మీద చెయ్యి పెడితే, అప్పుడే ఎవరో లేచిపోయినట్టు ఎచ్చగ తగులుతుండె. ఎండ పడ్డదేమో అనుకుందామంటే ఆ మూలకు ఎండ రాదు.

ఒకనాడు బీపీ గోలీలకొచ్చిన లక్ష్మీనర్సమ్మ అవ్వ గదిలకు తొంగిచూసి అడిగింది. "గా సారు ఉలుకడు పలుకడేంది గుర్వా? దండం పెట్టిన సుత చూస్తలేడు."

"నీ కండ్లకు పొర వచ్చింది అవ్వా. ఎవ్వరు లేరు."

"పొర వస్తే ఉన్నోళ్లు కనవడకపోవాలె. లేనోళ్లు కనవడుతరా?"

నర్సు మల్లీశ్వరి ఫక్కున నవ్వింది. గుర్వయ్య మాత్రం ఆనాడు ఆ గది ఊడ్వకుంటనే తలుపు దగ్గరికేసిండు.

ఐతారం నాడు డాక్టర్ ఇద్రీస్ వచ్చిండు. పక్క మండలంల పనిచేస్తడు, కాంట్రాక్టు డాక్టర్ల సంఘానికి జిల్లా కార్యదర్శి. హెల్మెట్ బెంచి మీద పెట్టి నేరుగ అడిగిండు.

"చాచా, నరహరి మూడు దినాలు ఒక్కడే చేసిండా, లేదా?"

"రిజిస్టర్‌ల ఏముంటే గదే సార్."

"రిజిస్టర్ నేను సుత చూసిన, గందుకే నిన్ను అడుగుతున్న. ఇంకో డాక్టరుండంగ ఈయనకు నిద్ర లేకుంట ఎట్లుంటదని అంటున్నరు పైవోళ్లు. బండి నడిపిన తప్పు ఈయనదేనట. డ్యూటీల ఉండి చనిపోయిండని రాయరట. ఒక్క డాక్టర్‌ను దినాల తరబడి ఒంటిగ ఉంచొద్దని సంఘం తరఫున మేము అడగాలె. అడుగుదామంటే ఆ రెండో సంతకం చూపెట్టి నోరు మూపిస్తున్నరు."

గుర్వయ్య నేల చూసిండు. "ఆ రెండో సంతకం నేనే పెడితిననుకో సార్, గది చెప్పితిననుకో. మీ సంఘం నా దిక్కు నిలవడతదా?"

ఇద్రీస్ హెల్మెట్ చేతిలకు తీసుకున్నడు. "అబద్ధం చెప్పను చాచా. మాది డాక్టర్ల సంఘం. నేనొక్కన్నయితే నీ ఎంబడి వస్త. సంఘం వస్తదని ఒట్టు పెట్టలేను."

ఆయన బండి పోయినంక మల్లీశ్వరి మందుల బీరువా మూసుకుంట అన్నది. "ఫికరెందుకన్నా? ఒక డాక్టర్‌ను నీ చేత్తోటి పుట్టిస్తివి గద. గా డాక్టర్‌నే వచ్చి సాక్ష్యం చెప్పుమను."

నవ్వులాటకే అన్నది. కాని ఆ మాట గుర్వయ్య లోపలికి దిగవడ్డది. నిజమే. ఆ కుర్చీల కూసున్నోన్ని తనే పుట్టిచ్చిండు. దినాం ఒక గీతతోటి అన్నం పెట్టి పెంచిండు. వాడు ఒక్క రోగిని చూడలే, ఒక్క కాన్పు చెయ్యలే. నరహరి పానం మాత్రం తిన్నడు.

తెల్లారి రాంచందర్ ఫోన్ జేసిండు. గొంతు పీలగున్నది. "గుర్వయ్యా, నరహరి నాకు తమ్ముని లెక్క. నాకు రాత్రుళ్లు నిద్ర వడతలేదు. గని జర ఆలోచించు. నా నౌకరి పోతది, అంతకన్న ముందు నీది పోతది."

"మనవరాలు మంచిగున్నది సార్" అన్నడు గుర్వయ్య. ఫోన్ పెట్టేసిండు.

బేస్తవారం నాడు విచారణ ఆఫీసర్ వచ్చి డాక్టర్ల గదిల కూసున్నడు. ఇద్రీస్ వచ్చిండు, ఎంబడి నరహరి భార్య సింధూజ. ఆమె గోడకు ఆనుకొని నిలవడ్డది. ఆఫీసర్ రిజిస్టర్ తిప్పుకుంట, తల ఎత్తకుంట అడిగిండు.

"దినాం ఇద్దరు డాక్టర్లు వచ్చెటోళ్లు. అంతేనా?"

గుర్వయ్య రెండో కుర్చీ దిక్కు చూసిండు. వాడు అక్కడనే ఉన్నడు. ఈసారి ముందుకు వంగి, తను ఏం చెప్తడా అని ఇంటున్నట్టున్నడు.

"ఒక్కడే సార్. రెండో సంతకం నాది."

ఆఫీసర్ తల ఎత్తిండు. "ఏం మాట్లాడుతున్నవ్? ఎవరన్న చెప్పుమన్నరా?"

"ఎవరు చెప్పలే. కాయిదం ఇయ్యున్రి."

గీసిండు. ఒకటి, రెండు, మూడు. ఆఫీసర్ రిజిస్టర్ పక్కన పెట్టి చూసిండు, కండ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్ల చూసిండు. బయట ఎవరో దగ్గుతున్నరు.

"నీ నౌకరి పోతది. కేసైతది. తెలుసా?"

"తెలుసు సార్."

చెప్పిందంత రాసుకొని, సంతకం పెట్టుమని కలమిచ్చిన్రు. గుర్వయ్య కలం పట్టుకోలే. "ఏలిముద్ర ఏస్త సార్" అన్నడు. మల్లీశ్వరి సిరా డబ్బి తెచ్చింది. ఏలు ఒత్తేటప్పుడు ఆమె ఆయన మొకం చూడలే.

ఆఫీసర్ జీపు పోయింది. ఇద్రీస్ ఫోన్ల ఎవరితోనో గట్టిగ మాట్లాడుకుంట గేటు దాక పోయిండు. గుర్వయ్య వరండలకొచ్చిండు. అక్కడ సింధూజ ఉన్నది.

"నిన్ను తిట్టాల్ననే వచ్చిన" అన్నది. "ఇంకా తిడుత. అది తర్వాత. ముందు ఒక్కటి చెప్పు. ఆనాడు పొద్దున ఏమన్న తిని బయలెల్లిండా?"

తిన్నడమ్మా అనే మాట నాలుక కొసకు వచ్చింది. అంటే అయిపోతది. ఆమె ఇంటికి పోతది, రాత్రి జరంత కునుకు తీస్తది.

"తినలేదమ్మా" అన్నడు గుర్వయ్య. "బోండాలు తెచ్చిచ్చిన. పొట్లం ఇప్పిండు. గంతల పాము కరిసిన ఆమెను ఆటోల ఏసుకొచ్చిన్రు. చేతులు తుడుచుకొని లేసిండు. మళ్ల పొట్లం దిక్కు చూడలే."

ఆమె కండ్లల్ల నీళ్లు రాలే. ఒక్కటే అడిగింది. "ఆమె బతికిందా?"

"బతికింది. మొన్న చేన్ల కలుపు తీస్తుంటే చూసిన."

సింధూజ రోగులు కూసునే బెంచి మీద కూసున్నది. కొంగు ఒళ్లె సదురుకున్నది.

"ఆ మూడు దినాలు నాకు ఫోన్ల ఒకటే మాట, 'అయిపోయింది, వస్తున్న' అని. ఏమైందో నాకు ఎవ్వరు చెప్పలే. నువ్వు చూసినవు గద. మొత్తం చెప్పు. ఏది ఇడువకు."

గుర్వయ్య బెంచికి ఇవతలి కొసన కూసొని, సోమారం పొద్దున తాళం తీసినకాడికెల్లి మొదలువెట్టిండు.