మేష్టారి కుర్చీ

కొబ్బరిచెట్టు చాటున నిలబడి స్టెల్లా సెల్‌ఫోన్ పైకెత్తింది. కేశవరావు చూడనట్టే విజిల్ ఊదాడు. ఇవాళ ఆమె రావలసిన రోజే కాదు.

కొత్తపేట అమ్మాయిల కబడ్డీ జట్టుకు అతను కోచ్. ఆమె ఫిజియోథెరపిస్టు. ఆటలో దెబ్బలు తగలకుండా ముందే కాళ్లను గట్టిపరిచే వ్యాయామాలు ఎంచి, రోజువారీ చేయించమని ప్లాను వేసి ఇచ్చింది. ఆ ప్లాను మొదలయ్యాకే ప్రియాంక మోకాలు మెలిపడింది. ఆ వెనకే అనితది. ఇద్దరిదీ ఎడమ మోకాలే. కూతకు వెళ్లే వాళ్లలో ఇక మిగిలింది దివ్య. ఆదివారం అమలాపురంలో రాష్ట్ర జట్టుకు ఎంపికలు. ఈలోగా దివ్య మోకాలికీ ఏమైనా అయితే ఆ పిల్లకు ఈ ఏడాది పోయినట్టే.

పైగా స్టెల్లా మరిది, వీళ్లకు పోటీ అయిన జొన్నాడ జట్టు కోచ్. ఆ సంగతి ఆమె చెప్పలేదు. టీకొట్టు దగ్గర తెలిసింది. అప్పట్నుంచీ ఆమె ఏం చెప్పినా కేశవరావుకు మరిది గొంతే వినిపిస్తోంది.

అమ్మాయిలు వరసగా గెంతారు. గాల్లోనే పక్కకు తిరిగి, మోకాళ్లు వంచి దిగారు. కేశవరావు ప్లాస్టిక్ కుర్చీలో వెనక్కి వాలాడు. తను కూర్చున్న పూట ఎవరూ పని ఎగ్గొట్టరు. స్టెల్లా వచ్చే రోజుల్లో మాత్రం ఆమె మొహం చూడలేక టీకొట్టుకు పోతాడు.

దివ్య ఆగి మోకాలు రుద్దుకుంది.

"ఏమ్మా, నొప్పా?"

"లేదండి మేష్టారూ."

అబద్ధం. కేశవరావు లేచి గబగబా చెట్టు దగ్గరకు నడిచాడు.

"ఆ ఫోనిలా ఇవ్వండి."

"ఇస్తాను సార్. ఎడంవైపు తిరగొద్దని పిల్లలకి మీరే చెప్పేరా?"

"నేనెందుకు చెప్తాను? ఈ వీడియో ఎవరికమ్మా, మీ మరిదికేనా?"

"వాడికి పంపితే ముందు లైకు కొట్టి, తీరిగ్గా ఎప్పుడో చూస్తాడండి. నేను మిమ్మల్నే అనుమానించేను. అందుకే చాటుగా వచ్చేను."

ఫోను చేతికిచ్చింది. వీడియోలో అమ్మాయిలు గెంతుతున్నారు. కుడికి. మళ్లీ కుడికి. ఎడమకు ఒక్కసారీ లేదు.

"నేనున్నప్పుడు రెండువైపులా చేస్తారండి. మీరున్నప్పుడే ఇలాగ. ఒకవైపే అలవాటైపోయింది. ఆటలో ఎడంవైపు తిరిగి దిగేసరికి మోకాలు లోపలికి వాలిపోతోంది."

కేశవరావు దివ్యను పిలిచాడు. "ఎడంవైపు ఎందుకు మానేసేరు?"

దివ్య నేల చూసింది. "మీరు మాకు కుడిపక్కన కూర్చుంటారు కదండీ."

"కూర్చుంటే?"

"ఎడంపక్కకి తిరిగితే మీకు వీపు పెట్టినట్టవుద్దండి. పెద్దోళ్లకి వీపెలా చూపిస్తామండీ? తక్కువ చేసేమనుకుంటారని కుడివైపే రెండింతలు చేస్తన్నాం."

"అందరూనా?"

"ఆయ్."

కేశవరావు కుర్చీ తెచ్చి అవతలి పక్కన వేశాడు. ఈసారి అందరూ ఎడమకే తిరిగారు.

స్టెల్లా నవ్వు ఆపుకుంది. "కాసేపు టీ తాగి రండి సార్."

వెళ్లడమా? దివ్యను ఈమె చేతిలో వదిలేసి? వీడియో చూశాక కూడా అనుమానం పూర్తిగా చావలేదు. కేశవరావు కుర్చీ ఎత్తి ఆటస్థలం పక్కనున్న కాలవగట్టు మీద, నీళ్ల వైపు తిప్పి వేసి కూర్చున్నాడు.

"నేనే మీకు వీపు పెట్టేనర్రా. ఇంక మొహమాటం దేనికి? కానివ్వండి."

వెనక పాదాల చప్పుడు. ఒకటి బరువుగా, ఒరిగినట్టు పడింది.

"మోకాలు లోపలికి పోనివ్వకు దివ్యా," స్టెల్లా గొంతు.

మళ్లీ గెంతు. ఈసారి కాస్త మెత్తగా. తిరిగి చూడాలని మెడ లాగేస్తోంది. కేశవరావు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కాలవలో గుర్రపుడెక్క ఆకుల్నే చూస్తూ కూర్చున్నాడు.

"నొప్పుందా?" స్టెల్లా అడిగింది.

"కొంచెం ఉందండి. మొన్నట్నుంచీ."

తనతో లేదంది.

"చెప్పేవు, మంచిపని చేసేవు. గెంతులు ఇవాల్టికి ఆపెయ్. వాపు లేదు కాబట్టి మెల్లగా ఎడంవైపు అలవాటు చేద్దాం. ఆదివారం పొద్దున చూసి, బాగుంటేనే ఆడిస్తాను."

బాగుంటేనే. ఆ మాట తను అనగలిగేవాడు కాదు. నొప్పున్నా ఆడమనే ఉండేవాడు.

"స్టెల్లా గారూ," అన్నాడు కేశవరావు, వెనక్కి తిరక్కుండానే. "రేపు కూడా రండి. నా కుర్చీ ఇక్కడే ఉంటది."