మళ్ళీగారి మూడో చూపు

టెస్ట్ ల్యాంపు తీగలు రెండింటినీ వంటింటి నేలమీద బారుగా పరిచి, మళ్ళీగారు వాటి పొడుగునా బొటనవేలితో తడుముకుంటూ వస్తున్నాడు. పైతొడుగు ఎక్కడైనా చిట్లిందా, ఎక్కడైనా వేలికి మెత్తగా తగులుతోందా అని. ఆయన భార్య గిన్నెలు పట్టుకుని పొయ్యికీ గట్టుకీ మధ్య ఆ తీగల మీంచి దాటుతూనే ఉంది. పెళ్ళయిన మొదటి వారంలో ఒకసారి పొరపాటున తొక్కి, ఆయన మొహం చూసింది. అప్పట్నుంచి దాటడమే.

"నిన్న సాయంత్రం చూశారుగా," అంది.

"అది నిన్న."

"ఒక్క పూటలో వాటికేం పిల్లలు పుట్టవులెండి."

ఆయన నవ్వాడు. రబ్బరు చేతితొడుగులు తీసి, ఒక్కొక్కదాన్నీ మణికట్టు వైపునుంచి గట్టిగా చుట్టుకుంటూ వచ్చాడు. లోపలి గాలంతా వేళ్ళలోకి చేరి అవి పొదుగులా ఉబ్బాయి. ఉబ్బినదాన్ని చెంపకి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. సూదిమొనంత చిల్లున్నా చెంపమీద ఊపిరి తగులుతుంది. తగల్లేదు. రెండోది కూడా అంతే. తొడుగులు, తాళం, 'మనుషులు పనిచేస్తున్నారు' అని రాసిన ఎర్ర పలక, అనుమతి కాగితాలు, రిజిస్టరు, ఇంకో టెస్ట్ ల్యాంపు, అన్నీ వాటి వాటి చోట సంచిలోకి వెళ్ళాయి.

కొత్తగా వైరింగు చేసిన ఏ కట్టడంలోనైనా ఈయన వెళ్ళి చూసి సంతకం పెడితేగాని కరెంటు వాడుకోడానికి వీల్లేదు. ఉద్యోగం అంతే. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే. పేపర్లో ఎప్పుడూ ఆయన పేరు పడలేదు. పడకపోవడమే ఆ ఉద్యోగం సరిగ్గా జరిగిందనడానికి గుర్తు.

మళ్ళీగారన్న పేరు ఆఫీసువాళ్ళు పెట్టింది. కరెంటు ఆపిన తీగని ముట్టుకునే ముందు టెస్ట్ ల్యాంపుతో మూడుసార్లు చూడాలి. ముందు, కరెంటు ఉందని ఖాయంగా తెలిసినచోట పెట్టాలి. వెలగాలి. తర్వాత ఆపిన చోట పెట్టాలి. వెలక్కూడదు. ఆ తర్వాత తిరిగి మొదటి చోటికే వెళ్ళి పెట్టాలి. వెలగాలి. ఎందుకంటే ఈ మధ్యలో ల్యాంపే పాడై ఉండొచ్చు. పాడైన ల్యాంపుకి లోకంలో ఎక్కడా కరెంటు ఉండదు. పుస్తకంలో ఇలాగే ఉంది. కానీ రెండోది అయ్యాక మెట్లు దిగి మూడోదానికి వెళ్ళే ఓపిక ఎవరికుంటుంది? ఈయనకుంది. "మళ్ళీ," అని ఒక్క మాట అని, బయల్దేరిపోతాడు.

ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ మూడో చూపు ఒక్కసారి కూడా కొత్త సంగతి చెప్పలేదు. ప్రతిసారీ వెలిగింది. ప్రతిసారీ ఆయన తృప్తిగా తలూపి వెనక్కి వచ్చాడు. ఈమధ్య మాత్రం మెట్లు దిగేటప్పుడు మోకాళ్ళు అడుగుతున్నాయి, ఎందుకయ్యా ఇదంతా అని.

పొద్దున్నే దేవుడి పటం ముందు నిలబడినప్పుడూ ఇలాంటి ఆలోచనే వస్తూంటుంది. ఆయన ప్రార్థన చాలా చిన్నది. "పనికెళ్ళినవాళ్ళందరూ ఇంటికి చేరాలి." అంతే. ఆ మాట అక్కడికి చేరుతోందో లేదో తెలిసే దారి లేదు. చేరినట్టు కబురు ఎప్పుడూ రాలేదు. అయినా మానెయ్యడానికి మనసొప్పదు. ఇవాళ కూడా నిలబడ్డాడు, అన్నాడు, చెప్పులు వేసుకున్నాడు.

గుమ్మం దగ్గర భార్య అడ్డం నిలబడింది. "మా అన్నయ్యకి ఇవాళ్టితో ఉద్యోగం ఆఖరు. ఐదింటికి బస్సు. వదిన నెల్రోజుల్నించి కూతురి దగ్గర ఒక్కతే కవల మనవల్ని మోస్తోంది. ఇక్కణ్ణించి ఎలా తీసుకెళ్తున్నారో అలాగే బస్సెక్కించే పూచీ మీది."

"ఎక్కిస్తాను."

"మూడుసార్లు దింపి మూడుసార్లు ఎక్కించకండి. ఒక్కసారి చాలు."

బయట స్కూటరు మీద కూచున్న బావ పెద్దగా నవ్వాడు. ఆయన ఈయన భార్యకి అన్నయ్య. ఇరవై రెండేళ్ళుగా ఈయనకి జతగాడు. ఒకరు పరీక్ష చేస్తే ఇంకొకరు పక్కనుండాలని నిబంధన. ఆ ఇంకొకరు ఎప్పుడూ బావే.

"నిన్ను చూసుకోడానికి కూడా మూడుసార్లొచ్చాడు చెల్లీ," అన్నాడు బావ. "మూడోసారి నాన్న తలుపు తియ్యనన్నాడు. నేనే తీశాను. ఆ తప్పుకి ఇప్పటిదాకా ఇతని సంచి మోస్తున్నాను."

పని ఒక మూడంతస్తుల కట్టడంలో, పై హాల్లో. పధ్నాలుగు మంది ఆడవాళ్ళు కలిసి నడుపుకునే కుట్టుపని కేంద్రం అక్కడికి మారుతోంది. పాత షెడ్డు పొద్దున్నే ఖాళీ చేశారట. కింద వీధిలో మిషన్లన్నీ లారీమీదే ఉన్నాయి. వాళ్ళ నాయకురాలు మెడలో టేపుతో ఎదురొచ్చింది. టైలరమ్మ అనే అంటారు అందరూ.

మళ్ళీగారు అనుమతి కాగితం ఆమె ముందు పెట్టి, తాను తాళం తీసేదాకా హాలు తన ఆధీనంలో ఉంటుందనీ, ఎవరూ ఏ స్విచ్చూ ముట్టుకోకూడదనీ చదివి వినిపించాడు.

"నా హాలు నాకు కాకుండా నాతోనే సంతకం పెట్టించుకుంటున్నారా సార్?"

"మా చెల్లెల్ని కూడా ఇలాగే సంతకం పెట్టించుకుని తీసుకెళ్ళాడమ్మా," అన్నాడు బావ. "ఇంకా తిరిగివ్వలేదు."

ఆమె నవ్వుతూనే సంతకం పెట్టింది. వైరింగ్ మేస్త్రీ మీటర్ల గది చూపించాడు. హాలుకి వెళ్ళే మెయిన్ స్విచ్ ఆపి, తాళం వేసి, ఎర్ర పలక తగిలించి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకుని మళ్ళీగారు బొత్తాం పెట్టుకున్నాడు. కింద మెట్ల మొదట్లో వాచ్‌మన్ రేడియో పెట్టుకున్న సాకెట్ ఉంది. దాని రెండో రంధ్రాల జతలో ల్యాంపు పెట్టాడు. ఎర్రగా వెలిగింది. ఒకటి.

టైలరమ్మ వెంట రాగా ఇద్దరూ నలభై రెండు మెట్లు ఎక్కారు. హాలు గుమ్మం దగ్గర, వద్దన్నా వినకుండా ఇద్దరమ్మాయిలు ఒక మిషను బల్లని మోసుకొస్తున్నారు. పక్కకి తప్పుకోడంలో మళ్ళీగారి చేతిలోని ల్యాంపు ద్వారబంధానికి టక్కున తగిలింది. ఎత్తి చూశాడు. గాజు పగల్లేదు. అమ్మాయిల్ని కిందికి పంపేసి బోర్డు దగ్గరికి వెళ్ళాడు. మూత తీసి ఒక్కొక్కచోటే పెట్టాడు. ఎక్కడా వెలగలేదు. రెండు.

బావ స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకున్నాడు.

"చేతులు కట్టుకో బావా."

మూడో చూపు అయ్యేదాకా పక్కనున్నవాడు చేతులు కట్టుకుని నిలబడాలి. ఇది పుస్తకంలో లేదు, మళ్ళీగారి సొంత నిబంధన. బావ దీన్ని ఇరవై రెండేళ్ళుగా తిడుతూ పాటిస్తున్నాడు.

"ఇవాళ కూడానా?"

"ఇవాళ మరీనూ."

"నువ్వు దిగి, ఎక్కి, ఆయాసం తీర్చుకునేసరికి పావుగంట. ఇక్కడ చూస్తే పధ్నాలుగు లైన్లు. నాకు బస్సుంది బావా."

"ఆ బస్సు కోసమే. మళ్ళీ," అని ఆయన మెట్లవైపు నడిచాడు.

రేడియోలో ఎవరో వాతావరణం గురించి చెబుతున్నారు. మళ్ళీగారు ఒంగి, సాకెట్లో ల్యాంపు పెట్టాడు. తలూపడానికి మెడ సిద్ధంగా ఉంది. ల్యాంపు వెలగలేదు.

తీసి మళ్ళీ పెట్టాడు. వెలగలేదు. సాకెట్‌కి కరెంటు పోయిందేమో అనుకున్నాడు. కానీ అదే సాకెట్లోంచి రేడియో, సాయంత్రం చల్లగా ఉంటుందని, తాపీగా చెబుతూనే ఉంది.

ల్యాంపుని చెవి దగ్గర ఊపాడు. లోపల తెగిన తీగ గాజుకి తగిలి సన్నగా చప్పుడు చేసింది.

అంటే పైన ల్యాంపు చెప్పినది లెక్కలోకి రాదు. బోర్డులో ఏమీ లేదని కాదు, ఏముందో తెలియదని. బావ స్క్రూడ్రైవర్ పట్టుకుని దాని ముందే ఉన్నాడు. బావకి బస్సుంది.

మళ్ళీగారు "బావా" అని గట్టిగా పిలిచాడు. వీధిలో లారీ ఇంజను మోతలో ఆ పిలుపు తనకే సరిగ్గా వినపడలేదు. ఏళ్ళ తరబడి పరుగన్నది ఎరగని మనిషి, రెండేసి మెట్లు ఎక్కడం మొదలుపెట్టాడు. నోట్లో పొద్దుటి ప్రార్థనే ఉంది, దానికి ముక్కలు కూడా సరిగ్గా రావడం లేదు. ఇంటికి చేరాలి, చేరాలి, అనుకుంటూ గుమ్మం పట్టుకుని ఆగాడు.

బావ తెరిచిన బోర్డుకి జానెడు దూరంలో నిలబడి ఉన్నాడు. చేతులు కట్టుకుని ఉన్నాడు. స్క్రూడ్రైవర్ చంకలోంచి బయటికి పొడుచుకొచ్చి ఉంది. మాస్టారు బెంచీ ఎక్కించిన కుర్రాడి మొహం పెట్టి, టైలరమ్మకి తన కష్టాలు చెప్పుకుంటున్నాడు.

"మా బావకి మెట్లంటే ప్రాణం అమ్మా. ఈయనకి లిఫ్టున్న కట్టడం ఇస్తే బెంగ పెట్టుకుంటాడు."

మళ్ళీగారు గుమ్మం వదలకుండానే అన్నాడు, "వెనక్కి రా బావా. ల్యాంపు పోయింది."

బావ నవ్వు సగంలో ఆగింది. ఒక అడుగు వెనక్కి వేశాడు. కట్టుకున్న చేతులు మాత్రం విప్పలేదు.

సంచిలోంచి రెండో ల్యాంపు తీసి, మళ్ళీగారు మొదట్నుంచీ మొదలుపెట్టాడు. కిందికెళ్ళి సాకెట్లో పెడితే వెలిగింది. పైకొచ్చి బోర్డులో పెట్టాడు. అక్కడా వెలిగింది. ఎర్రగా, నిండుగా.

ముగ్గురూ ఆ వెలుతురు వంక చూశారు.

"తాళంచెవి నీ జేబులోనే ఉందా?" అన్నాడు బావ మెల్లిగా.

మళ్ళీగారు బొత్తాం తీసి చూపించాడు. ఉంది.

మరి ఈ కరెంటు ఎక్కణ్ణించి వస్తోందన్నది మేస్త్రీని పిలవగానే తేలిపోయింది. వైరింగు జరిగిన రెండు వారాలూ మెయిన్ కనెక్షన్ లేదు. డ్రిల్లింగ్ మిషను కోసం వెనక గోడ అవతలి షాపునుంచి ఒక తీగ లాగి ఈ బోర్డులో కలుపుకున్నాడు. పనయ్యాక తియ్యడం మర్చిపోయాడు. ఆ షాపు పదకొండింటికి తెరుస్తారు. పదకొండింటికి దాని మెయిన్ వేస్తారు. ఇప్పుడు పదకొండుంపావు.

మేస్త్రీ బోర్డునీ బావ చేతుల్నీ మార్చి మార్చి చూశాడు. "తప్పు నాదే సార్," అన్నాడు. అలాగే గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. అతనికి మంచినీళ్ళు తెచ్చిచ్చింది బావే.

మళ్ళీగారు మాత్రం పై మెట్టుమీద కూలబడి నవ్వుతున్నాడు. ఆపుకోలేని నవ్వు, కళ్ళల్లో నీళ్ళు తెప్పించే నవ్వు. ముప్ఫై ఒక్క ఏళ్ళు. ఎన్ని వేల మెట్లు. ఇవాళ మొదటిసారి ఆ మూడో చూపు నోరు విప్పింది. మరి పటంలోని దేవుడు మాత్రం, నోరు విప్పని ఇన్నేళ్ళూ వినలేదని ఎందుకనుకోవాలి? ఆ ప్రశ్న వచ్చిందిగాని, దాన్ని పట్టుకుని ఎటో పోవడానికి ఇప్పుడు తీరిక లేదు. పధ్నాలుగు లైన్లున్నాయి.

బావ వచ్చి పక్కన కూచున్నాడు. "అబద్ధమెందుకు చెప్పాలి. నువ్వు మెట్లు దిగావో లేదో, చేతులు విప్పేశాను."

"మరి?"

"ఏమో. అవే వెళ్ళి కట్టుకున్నాయి. ఇరవై రెండేళ్ళు నేర్పావు కదా, నా మాట వినడం మానేశాయి."

షాపులో మెయిన్ ఆపించి తాళం వేయించారు. మూడు చూపులూ చూసి మేస్త్రీ చేతే ఆ తీగ పీకించారు. మూత బిగించారు. తర్వాత తీగల పైతొడుగు గట్టిగా ఉందో లేదో కొలిచే మెగ్గర్ పిడి బావ తిప్పుతుంటే, మళ్ళీగారు ముల్లు చూసి అంకెలు చెబుతూ రిజిస్టర్లో రాసుకున్నాడు. ఒక్కొక్క లైను అయినకొద్దీ టైలరమ్మ గుమ్మంలోంచి వేళ్ళు మడిచి కిందివాళ్ళకి చూపించేది. పదితో వేళ్ళు అయిపోయాక టేపు ఊపడం మొదలుపెట్టింది. నాలుగుంపావుకి మళ్ళీగారు సంతకం పెట్టి, హాలు ఆమెకి తిరిగిచ్చాడు. మొదటి మిషను గుమ్మం పక్కనే బిగించి ఒకమ్మాయి కాలితో పెడల్ నొక్కింది. గుర్రుమంది. అందరూ ఒక్కసారిగా మాట్లాడ్డం మొదలుపెట్టారు.

బస్సు స్టాండులో జనం కిటకిటలాడుతున్నారు. సామానంతా ముందే వెళ్ళిపోవడంతో బావ చేతిలో ఒక గుడ్డసంచీ తప్ప ఏమీ లేదు. బెంచీమీద ఒక్కరికే చోటు దొరికింది.

"కూచో బావా, నీ మోకాళ్ళు ఇవాళ చాలా సంపాదించాయి," అన్నాడు బావ. ఈయన వద్దన్నాడు. నువ్వంటే నువ్వని కాసేపు గడిచింది. చివరికి బావ జేబులోంచి రుమాలు తీసి ఆ ఖాళీలో పరిచి, ఇద్దరూ టీ తాగడానికి వెళ్ళారు.

"అక్కడ నన్ను చేతులు కట్టుకోమనేవాడెవడూ ఉండడు," అన్నాడు బావ గ్లాసు ఊదుకుంటూ.

"కట్టుకోడానికి నీకు చేతులెక్కడ ఖాళీ. చెరొకర్ని ఎత్తుకోవాలి."

బావ తన రెండు చేతులూ ముందుకి చాపి చూసుకున్నాడు. ముదురు రంగు చేతులు, గోళ్ళ చుట్టూ ఎన్నడూ పోని నలుపు. ఒక్కొక్క మోచేతి ఒంపులో ఒక్కొక్క బరువు ఉన్నట్టుగా కాస్త మడిచాడు. మొహమంతా నవ్వు పాకింది.

బస్సు ముందే వచ్చేసింది. గ్లాసులు అక్కడే పెట్టేసి పరిగెత్తారు. కిటికీలోంచి బావ ఏదో అన్నాడు. హారన్లలో వినపడక మళ్ళీగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. బావ మళ్ళీ అన్నాడు. ఈసారీ వినపడలేదు. మూడోసారి అనేలోపు బస్సు మలుపు తిరిగింది.

మళ్ళీగారు ఆ మలుపు వంక చూస్తూ కాసేపు నిలబడ్డాడు. ఒంటిమీద ఒక్క గీత లేకుండా ఎక్కించానని ఇంట్లో చెప్పాలి. అది తల్చుకుంటేనే నవ్వొచ్చింది. కాళ్ళు నిజంగానే లాగుతున్నాయి, బెంచీవైపు నడిచాడు. చుట్టూ జనం ఒరుసుకుని నిలబడి ఉన్నారు, పిల్లల్ని చంకనేసుకున్నవాళ్ళు, మూటలు మోస్తున్నవాళ్ళు. బెంచీ మధ్యలో మాత్రం మనిషి పట్టేంత చోటు అలాగే ఉంది, దానిమీద బావ నీలిగళ్ళ రుమాలు ఒక అంచు మెల్లిగా లేపి, మళ్ళీ పరుచుకుంటూ.