పిన్ని నవ్వు

ఆరిన బట్టలు మడత పెడుతూ టీవీ ముందు కూర్చున్నాను. మా ఆయన కార్యక్రమం వచ్చే రోజున అత్తయ్య తన గదిలోంచి కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చుంటుంది. కొడుకు కనిపించగానే ఆవిడ ముఖం చాటంత అవుతుంది. "వాడికి దేవుడిచ్చిన వరమే ఆ హాస్యం," అంటుంది ప్రతివారం. ఆ వరంలో సగం మా వంటింట్లోనే తయారవుతుందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. చెప్తే, "ఏదో రెండు మాటలు అందించినంత మాత్రాన అయిపోతుందా," అంటుందని తెలుసు.

మా ఆయనా నేనూ ఒకే నాటక సమాజంలో పెరిగినవాళ్ళం. నిజం చెప్పుకోవాలంటే అక్కడ పేరు నాది. గయ్యాళి పిన్ని వేషం కట్టి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నేను స్టేజి మీదికి వస్తే నోరు విప్పకముందే జనం నవ్వేవాళ్ళు. మా ఆయన పిన్ని ఇంట్లో అద్దెకుండి తిట్లు తినే పాత్ర. వాణ్ణి తిట్టీ తిట్టీ చివరికి తన తిట్లకి తనే నవ్వేస్తుంది పిన్ని. నవ్వు చివర ఎక్కిలి పడినట్టు నా ఊపిరి ఒక్కసారి పైకి లాగుతుంది. అది నటన కాదు, చిన్నప్పటినుంచీ నా నవ్వు అంతే. ఆ ఎక్కిలికి హాలు హాలంతా పడీపడీ నవ్వేది. "అది నీ ఆస్తి, ఎవరికీ ఇచ్చుకోకు," అనేవారు మా నాటకాల మాస్టారు.

పిల్లాడు పుట్టాక, "పసివాణ్ణి వదిలేసి ఊళ్ళంట గంతులేస్తావా," అంది అత్తయ్య. "కొన్నాళ్ళే కదా, వాడు నడక నేర్చాక మళ్ళీ వేద్దువుగాని," అన్నాడు మా ఆయన. వాడిప్పుడు కాలేజీకి బండేసుకుని వెళ్తున్నాడు. ఈలోపు మా ఆయన టీవీలో చేరి, వీధిలో జనం ఆపి ఫొటో దిగే మనిషయ్యాడు. నా పనల్లా వినడం. షూటింగుకి ముందు ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి కొత్త స్కిట్ మొత్తం వినిపిస్తాడు. చేతిలో పని ఆపకుండా నేను వినాలి. నేను నవ్విన మాట ఉంటుంది, నవ్వని మాట ఎగిరిపోతుంది. "ఆ మాట ముందొద్దండీ, చివర్లో అనండి," అంటాను. చివర్లోనే అంటాడు, చప్పట్లు ఆయనకి పడతాయి. "నువ్వు నవ్వావంటే ఊరు నవ్వినట్టేనోయ్," అంటాడు. ఆ ఒక్క మాటకి నేను వెన్నలా కరిగిపోయేదాన్ని, సిగ్గులేకుండా.

మొన్న ఎండాకాలంలో ఒకరోజు, "మా ప్రోగ్రాంలో భార్య పాత్ర పెడుతున్నారు. నీ పేరు చెప్పాను, గొంతు పరీక్షకి రా," అన్నాడు. నా కాలు నేల మీద నిలవలేదు. స్టూడియోలో గాజు గదిలో నిలబెట్టి, నాలుగు డైలాగులు చెప్పించి, "ఇప్పుడు నవ్వండి మేడం," అన్నాడు సౌండ్ ఇంజనీరు. ముసిముసిగా నవ్వమన్నాడు, పకపకా నవ్వమన్నాడు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వమన్నాడు. గాజుకి అవతల మా ఆయన కోతి చేష్టలు చేస్తూ నన్ను నవ్విస్తూనే ఉన్నాడు. మేమిద్దరం అలా నవ్వుకుని ఎన్నాళ్ళయిందో. ఇంటికొచ్చే దారిలో నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

తర్వాత వారం, "టీవీకి నీ ఒళ్ళు కాస్త ఎక్కువైందట. చెప్పి చూశాను, వినలేదు," అన్నాడు. ఆ పాత్ర ఆడవేషం కట్టే ఒక మగనటుడికి ఇచ్చారు. వాడి నడుం నాకంటే లావు. అయినా పాపం మా ఆయన నా కోసం అడిగాడు కదా అని ఆ పూట ఆయనకి ఇష్టమైన కూరే వండాను. పాత నాటకం మళ్ళీ ఆడుతున్నాం, రా అమ్మా అని మొన్న మాస్టారు ఫోన్ చేస్తే, "నా మొహం, నన్నిప్పుడెవరు చూస్తారు మాస్టారూ," అన్నాను.

టీవీలో ఆ ఆడవేషం నటుడు అంట్లు తోముతున్నాడు. తోమిన గిన్నెలన్నీ వరసగా బోర్లించి, "మహాజనులారా," అని దండం పెట్టి, గరిట పట్టుకుని, నడుం మీద చెయ్యేసుకుని పిన్నిలా తిట్టడం మొదలుపెట్టాడు. నా చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. అది నేను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు గిన్నెల ముందు నా వేషం నేను వేసుకుంటాను. అలా వేసుకోకపోతే ఈ ఇంట్లో నాకు పిచ్చెక్కి ఉండేది. ఆ సంగతి జ్వరంలో పడుకున్నప్పుడు మా ఆయనకి ఒక్కడికే చెప్పాను. నా నుదుటి మీద చెయ్యి వేసి, "పిచ్చిదానా," అన్నాడు.

ఇప్పుడు ఆయనే కెమెరా వైపు తిరిగి, "పెళ్ళాం నటి అయితే ఇంతేనండీ, గిన్నెలక్కూడా టికెట్టు పెడుతుంది," అన్నాడు. జనం గొల్లుమన్న చప్పుడు. వాళ్ళందరి నవ్వుల మీదుగా ఒక ఆడగొంతు పకపకా నవ్వి, చివర ఎక్కిలి పడింది.

"ఎవరో గానీ ఈవిడ నవ్వు అచ్చం నీ నవ్వేనమ్మాయ్," అంది అత్తయ్య.

అంతలో మళ్ళీ వినిపించింది. వాడు గిన్నెలకి మళ్ళీ దండం పెట్టినప్పుడొకసారి, గరిట జారి పడినప్పుడొకసారి. నా బతుకు మీద జోకు వేశారు, దానికి నా చేతే నవ్వించారు.

మా ఆయన ఇంటికి రాగానే అడిగాను. "అది నా నవ్వే కదండీ?"

"కనిపెట్టేశావా?" అన్నాడు బూట్లు విప్పుతూ. "వాళ్ళ దగ్గర రికార్డు చేసి పెట్టుకున్న నవ్వులు చప్పగా ఉన్నాయంటే, మా ఇంట్లో మంచిది ఉందని నేనే చెప్పాను. గొంతైనా టీవీకెక్కింది, సంతోషించు."

"మరి భార్య పాత్ర నాకే అన్నారు?"

"అది మొదటినుంచీ వాడిదేనోయ్. ఉన్నమాట చెప్తే నువ్వంత బాగా నవ్వేదానివా?"

"గిన్నెల సంగతి కూడా చెప్పుకున్నారా?"

"సరదాకే కదా. నువ్వే అంతలా నవ్వుతుంటే ఇంక బాధెవరికి?"

ఆకలేస్తోంది, వడ్డించమన్నాడు. వడ్డించాను.

పొద్దున్నే మాస్టారికి ఫోన్ చేశాను. "పిన్ని వేషం ఎవరికైనా ఇచ్చేశారా?"

"నువ్వుండగా ఇంకెవరికిస్తానే," అన్నారు ఆయన. "సాయంత్రం రిహార్సలుంది. వస్తావా?"

సాయంత్రం నేను జడ వేసుకుంటుంటే మా ఆయన కొత్త స్కిట్ పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి పిలిచాడు. వెళ్ళి విన్నాను. అబద్ధమెందుకు, జోకు బాగుంది. నవ్వు గొంతు దాకా వచ్చింది, మింగేశాను. ఆయన మళ్ళీ చెప్పాడు, ఈసారి చేతులు తిప్పుతూ. హాల్లో ఎవరూ నవ్వనప్పుడు నటుడి మొహం ఎలా పాలిపోతుందో నాకు తెలుసు. ఇంతకుముందైతే జాలిపడి నవ్వేదాన్ని.

"ఏం, బాగాలేదా? షూటింగు రేపేనోయ్. నవ్వవేం?"

"నా నవ్వు మీ దగ్గరే ఉందిగా," అన్నాను చెప్పులు వేసుకుంటూ. "అది వేసుకుని చూసుకోండి."