చప్పుడు చేసిన పెట్టె

మా వదిన టీ గ్లాసు చేత్తో పట్టుకుని, కూరలో ఉప్పు సరిచేశానన్నంత తేలిగ్గా ఆ మాట అంది.

"ఆ చివరి పెట్టె లొడలొడమంటుంటే, లోపల ఇంత థర్మోకోల్ ముక్క కుక్కాను లెండి మరిదిగారూ. ఇక కిక్కురుమనలేదు."

వదిన అంటే నా భార్యకు అక్క. ఇంట్లో ఆవిడ పెద్దరికం, ఆవిడ పనిచేసే ప్యాకింగ్ షెడ్డులో నా సూపర్‌వైజర్ హోదా. ఈ రెంటి మధ్య నా ప్రాణం రోజూ నలుగుతూనే ఉంటుంది. మేం ప్యాక్ చేసి పంపేవి కార్ల ఎయిర్‌బ్యాగులు. కారు గుద్దుకుంటే మనిషిని కాపాడే వస్తువే, కాదనను. కానీ దాని కడుపులో ఉన్నది పేలుడు మందు. ప్లగ్గుకు పసుపు క్లిప్పు ఉన్నంతసేపు బుద్ధిగా పడి ఉంటుంది. క్లిప్పు ఊడిందా, ఎక్కడో పుట్టిన చిటికెడు కరెంటు చాలు.

అందుకే మా పెట్టెలు అచ్చు కొలతకు చేయిస్తారు. వస్తువు ట్రేలో కూర్చుందంటే మెదలదు. చప్పుడైందంటే లోపల ఏదో ఊడిందని అర్థం. ఆ పెట్టెను పక్కన పెట్టి నన్ను పిలవాలి. అదనంగా చిత్తుకాగితం ముక్క కూడా దూర్చకూడదు. ఈవిడ ఏకంగా థర్మోకోలే దూర్చింది! రాసుకుంటే కరెంటు పుట్టి చేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకునే థర్మోకోల్!

"మీకసలు బుద్ధుందా వదినా?" అని అరిచాను. షెడ్డంతా మావైపు తిరిగింది. "అది జాగ్రత్త కాదు, దాని నోరు నొక్కేయడం!"

ఆవిడ మొహం పాలిపోయింది. "లారీ వెళ్ళిపోయింది కదండీ," అంది.

ఆ లారీ నడిపేది ఆవిడ భర్తే, నా తోడల్లుడు. ఫోన్ చేస్తే గేటు దగ్గర మోగింది. లోడింగు జరిగేచోటికి ఫోన్లు తీసుకెళ్ళకూడదు కాబట్టి కాపలాదారు దగ్గర పెట్టి, తిరిగి తీసుకోవడం మరిచిపోయాడు మహానుభావుడు.

మోటారుసైకిలు తీశాను. పిలవకుండానే వదిన వెనక ఎక్కేసింది. మెయిన్‌రోడ్డు మలుపు తిరుగుతుంటే నా చెవి దగ్గరికి వంగింది.

"ఒక్క మాట చెప్తే కోప్పడరు కదా?"

"చెప్పండి తల్లీ!"

"వెనక కుదుపులకు పాడైపోతుందని... ఆ పెట్టె ఒక్కటీ పక్కసీట్లో పెట్టుకోమన్నాను."

బండి వంకర్లు పోయింది. నాకు అరిచే ఓపిక కూడా లేకపోయింది. మా తోడల్లుడికి స్టీరింగు పట్టుకుంటే పాట రావాలి, పాట వస్తే పక్కన ఏముంటే దాని మీద తాళం వెయ్యాలి. ఆ సంగతి నాకూ తెలుసు, ఆవిడకూ తెలుసు. ఇద్దరం పైకి అనలేదు. ఎదురొచ్చిన ప్రతి బండినీ నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ పోనిచ్చాను.

రైల్వే గేటు పడి ఉంది. వరుసలో మా లారీ కనబడగానే బండి అక్కడే పడేసి పరుగెత్తాం. క్యాబిన్లో పెట్టెకు సీటుబెల్టు కట్టి, దాని మీద దరువు వేస్తూ రాగం తీస్తున్నాడు పెద్దమనిషి.

"అన్నయ్యా, చెయ్యి తీయండి!"

"ఏం తమ్ముడూ, పాట బాగాలేదా?"

"చెయ్యి తీసి మెల్లగా దిగండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఫక్కున నవ్వాడు. వెనక భార్య మొహం చూశాక నవ్వు ఆగిపోయింది. దిగాడు. దిగినవాడు ఊరుకోక, "దీన్ని కూడా దించనా?" అంటూ మళ్ళీ లోపలికి వంగాడు. వదిన చొక్కా పట్టుకుని ఒక్క లాగు లాగింది. గుండీలు తెగి రోడ్డు మీద పడ్డాయి.

చుట్టుపక్కల వాళ్ళను బతిమాలి దూరంగా పంపి, కంపెనీ సేఫ్టీ ఇంజినీరుకు ఫోన్ చేశాను. గేటు లేచినా లారీ కదలకపోయేసరికి వెనకున్నవాళ్ళు హారన్లతో మా వంశాన్నంతా పలకరించారు. ఇంజినీరు వచ్చి, ఒంట్లో కరెంటు నిలవకుండా మణికట్టుకు పట్టీ కట్టుకుని, మమ్మల్ని ఇంకా వెనక్కి వెళ్ళమని, ఒక్కడే క్యాబిన్ ఎక్కాడు. థర్మోకోల్ తీశాడు. దాని కింద ఊడిపోయిన పసుపు క్లిప్పు ఉంది. ప్లగ్గుకు మళ్ళీ బిగించి మావైపు తల ఊపాడు.

నేను రోడ్డు వారన కూలబడ్డాను. భయం దిగగానే కోపం ఎగదన్నింది.

"చప్పుడైతే నన్ను పిలవమని చెవినిల్లు కట్టుకుని పోరుతున్నానా లేదా? ఒక్క కేక వేస్తే మీ సొమ్మేం పోయింది వదినా?"

ఆవిడ భర్త చెయ్యి వదల్లేదు. నా మొహంలోకి చూడకుండా చెప్పింది.

"పిలవడానికే వచ్చాను. పెట్టె పట్టుకుని మీ గది గుమ్మం దాకా వచ్చాను మరిదిగారూ. మీరు ఫోన్లో ఎవరి మీదో విరుచుకుపడుతున్నారు. ఇప్పుడు కదిలిస్తే నన్నూ నమిలేస్తారని భయమేసి వెనక్కి వెళ్ళిపోయాను."

"నా మీదే అయ్యుంటుంది," అన్నాడు తోడల్లుడు, గుండీలు ఏరుకుంటూ. "లారీ ఆలస్యమైందని తిట్టావుగా పొద్దున."

ఇంజినీరు కిందికి దిగి, చేతిలో థర్మోకోల్ ముక్క మా ముందు ఆడించాడు.

"ఎవరి నిర్వాకం ఇది?"

వదిన నోరు తెరవబోయింది.

"నాది," అన్నాను.