ఇంట్లోనే ఉన్నారు

తాడేపల్లిగూడెంలో బెల్లం వ్యాపారం చేసిన వీరరాఘవులు గారికి మతిమరుపు జబ్బు పట్టుకున్నాక ఆ ఇంట్లో ఓ పెద్ద తగువు వచ్చిపడింది. గేటుకి తాళం వెయ్యాలా, వద్దా? వెయ్యాల్సిందే అంది ఆయన భార్య సరళ. వీల్లేదంది ఒక్కగానొక్క కూతురు ఐశ్వర్య. ఊళ్ళో సగం ఇళ్ళకి బెల్లం తూచి ఇచ్చిన మనిషిని గొడ్డుని కట్టేసినట్టు కట్టేస్తామా అని తల్లి మీద ఇంతెత్తున లేచింది. సరళ మాత్రం ఏం చేస్తుంది? అప్పటికే ఆయన చెప్పాపెట్టకుండా బయటపడి ఒకసారి రైల్వే స్టేషన్లో, మరోసారి మార్కెట్ యార్డులో దొరికారు. వంటింట్లో ఉన్నా ఆవిడకి ఒక కన్ను గుమ్మం మీదే. ఆ ధ్యాసలో పప్పు ఎన్నిసార్లు మాడిందో లెక్కలేదు.

ఐశ్వర్య అంత ధీమాగా మాట్లాడటానికి ఓ కారణం ఉంది. ఆ పిల్ల ఏలూరులో ఒక చిన్న కంపెనీలో సాఫ్ట్‌వేర్ రాస్తుంది. ఇంట్లో లైట్లూ ఫ్యాన్లూ ఏసీలూ ఫోన్ మాట వినేలా చెయ్యడం వాళ్ళ వ్యాపారం. అందులో ఐశ్వర్య వంతు బ్లూటూత్ పరికరాల్ని కనిపెట్టడం. ప్రతి బ్లూటూత్ పరికరమూ 'నేనున్నాను, నేనున్నాను' అని గాలిలోకి కేకలేస్తూ ఉంటుంది. ఆ కేకలు విని, ఎవరొచ్చారో, ఎంత దగ్గరలో ఉన్నారో తేల్చాలి. వచ్చినదాన్ని వచ్చిందని చెప్పడం తేలికే. వెళ్ళిపోయినదాన్ని వెళ్ళిపోయిందని చెప్పడమే బ్రహ్మవిద్య. కేక వినపడలేదంటే వస్తువు దూరమైనట్టా, మధ్యలో గోడ అడ్డొచ్చినట్టా, బ్యాటరీ నీరసించినట్టా? ఈ ఒక్క చిక్కుతోనే ఆమె ఏడాదిగా కుస్తీ పడుతోంది. తన ప్రతాపం కంపెనీకే ఎందుకు, మా నాన్నకి మాత్రం పనికిరాదా అనుకుంది.

కొట్టు అమ్మేసినా వీరరాఘవులు గారు కొట్టు తాళాల గుత్తిని వదల్లేదు. స్నానానికి వెళ్ళినా, మంచం మీద వాలినా అది మొలతాడుకి ఉండాల్సిందే. కొనుక్కున్నవాళ్ళు తాళాలు మార్చేశారు. ఆ తాళంచెవులిప్పుడు ఏ తలుపునీ తెరవవు. ఆ సంగతి ఆయనకి చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. ఐశ్వర్య రూపాయి బిళ్ళంత బ్లూటూత్ ట్యాగు తెచ్చి ఆ గుత్తికి తగిలించింది. ట్యాగు కేకని వినడానికి హాల్లో ఒక పెట్టె, మేడ మీద ఒక పెట్టె పెట్టింది. కేక వినపడుతున్నంతసేపూ తల్లి ఫోన్లోనూ తన ఫోన్లోనూ 'ఇంట్లోనే ఉన్నారు' అని పచ్చటి అక్షరాలు. ఆగిపోయిందా, రెండు ఫోన్లూ గొల్లుమంటాయి.

నిజంగానే పనిచేసింది. ఓ రోజు ఆయన గేటు దాటగానే ఫోన్ మోగి, సరళ వీధి మలుపులోనే చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చింది. ఆ తర్వాత ఆవిడ గుమ్మం వైపు చూడటం మానేసింది. మధ్యాహ్నం టీవీ పెట్టుకుంది. ఎన్నాళ్ళకో పక్కింటావిడతో గోడ మీంచి కబుర్లాడింది. మా అమ్మాయి చేసిందండీ అని వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ ఫోన్ తీసి చూపించింది.

ఒక్క చిక్కు మిగిలింది. పెరటి వసారాలో ఆయన కూర్చుంటే రెండు పెట్టెలకీ కేక సరిగా అందేది కాదు. మనిషి ఇంట్లో ఉండగానే ఫోన్ గోల పెట్టేది. ఓ ఆదివారం ఐశ్వర్య తండ్రి పక్కనే వసారాలో కూర్చుని, తన ఫోన్‌ని కూడా వినే పెట్టెల్లో ఒకటిగా చేర్చేసింది. ఈ మూడింట్లో ఏది విన్నా మనిషి ఇంట్లో ఉన్నట్టే. అప్పటికి గండం గట్టెక్కింది. వసారాకి వేరే పెట్టె తెచ్చి పెట్టాక తన ఫోన్‌ని తీసెయ్యాలనుకుంది. పెట్టె తెచ్చింది, పెట్టింది. ఫోన్‌ని తీసెయ్యడం మాత్రం మరిచిపోయింది. ఆ ఫోన్ రోజూ ఆమెతోపాటు ఏలూరు వెళ్ళి వస్తూనే ఉంది. ఏలూరులో దానికి వినపడే ట్యాగు ఏదీ లేదు గనక ఎవరికీ అనుమానం రాలేదు. ఇలాంటి పొరపాటు కంపెనీలో ఇంకొకరు చేస్తే ఐశ్వర్య ఊరుకునేది కాదు. సొంత ఇంటి పని గనక అడిగినవాళ్ళు లేరు.

ఆ ఇంట్లో ఓ పాత పద్ధతి ఉంది. కొట్టు తాళాలు ఒకరి చేతినుంచి ఇంకొకరి చేతికి ఇవ్వరు. చేతికిస్తే వ్యాపారం చెయ్యి జారుతుందని వీరరాఘవులు గారి తాతగారి కాలంనుంచీ పట్టింపు. కొట్టు తీసేది ఎవరైతే వాళ్ళ సంచిలో ఇంటి పెద్ద తన చేత్తో వేస్తాడు. గుమాస్తా సూరిబాబు సంచిలో తండ్రి అలా వెయ్యడం చూస్తూనే ఐశ్వర్య పెరిగింది. తన సంచిలో మాత్రం ఎప్పుడూ వెయ్యలేదు. డిగ్రీ చదివే రోజుల్లో ఒకసారి అడిగితే, ఆడపిల్లకి కొట్టెందుకమ్మా అని నవ్వేశారు. ఆ మాట ఆమెకి చాలాకాలం గుచ్చుకుంది.

మే నెల పొద్దు. రైలు వేళైపోతోందని ఐశ్వర్య నిలబడే ఇడ్లీ తింటోంది. వీరరాఘవులు గారు శుభ్రంగా గడ్డం గీసుకుని, తెల్ల చొక్కా వేసుకుని హాల్లోకొచ్చారు.

"కొట్టుకేనా అమ్మా?" అన్నారు.

రోజూ అడిగే మాటే. రోజూ ఆమె ఓపిగ్గా, ఆఫీసుకండీ నాన్నగారూ అని దిద్దేది. ఆ రోజు ఓపిక లేదు.

"ఆఁ, కొట్టుకే నాన్నగారూ."

"మంచిది. నువ్వున్నావు, ఇంక నాకు బెంగ లేదు" అన్నారాయన. ఐశ్వర్య నీళ్ళ సీసా కోసం వంటింట్లోకి వెళ్ళి, తిరిగొచ్చి, సంచి భుజాన వేసుకుని స్టేషన్‌కి పరిగెత్తింది.

మధ్యాహ్నం కాకముందే తల్లి ఫోన్ చేసింది.

"ఐశ్వర్యా, మీ నాన్నగారు కనపడట్లేదే."

ఐశ్వర్య ఫోన్ తెరిచి చూసింది. పచ్చటి అక్షరాలు నిక్షేపంలా ఉన్నాయి. "ఇంట్లోనే ఉన్నారమ్మా. మేడ మీద చూడు."

"చూశానమ్మా."

"పెరట్లో?"

"అక్కడా లేరు."

"అమ్మా, నా దాంట్లో ఉన్నట్టే చూపిస్తోంది. నీ దాంట్లో?"

"నా దాంట్లోనూ అలాగే ఉందనుకో..."

"మరింకేం? బాత్‌రూమ్‌లో, సామాన్ల గదిలో సరిగ్గా చూడు. కంగారు పడకు."

సరళ చూసింది. మంచాల కింద వంగి చూసింది. సామాన్ల గదిలో పాత బెల్లం బుట్టలు జరిపి చూసింది. మోకాళ్ళ నొప్పితో మేడ మెట్లెక్కి నీళ్ళ ట్యాంకు వెనక చూసింది. కూతురు ఉన్నారంది, ఫోన్ ఉన్నారంది. లేరని చెప్పడానికి ఆవిడకి తన కళ్ళు తప్ప మరో సాక్ష్యం లేదు. ఆ కళ్ళని ఆవిడ నమ్మలేదు. మళ్ళీ చేసింది. మళ్ళీ చూడమంది ఐశ్వర్య, ఈసారి కాస్త విసుగ్గా.

మూడోసారి తల్లి గొంతులో ఏడుపు వినపడ్డాక ఐశ్వర్య లోపలి వివరాలు తెరిచింది. పక్క సీట్లో క్రాంతి కుమార్ తొంగి చూసి, "ఇంత బలంగా ఉందేంటండీ సిగ్నల్? చెయ్యి చాపితే అందేంత దగ్గరుంటే గానీ ఇంత రాదు కదా" అన్నాడు. అప్పుడు చూసింది, ఆ కేకని వింటున్నది ఏ పెట్టో. హాల్లోది కాదు, మేడ మీదది కాదు, వసారాది కాదు. తన ఫోన్. ఐశ్వర్య కాళ్ళ దగ్గరున్న సంచి తీసి లాప్‌టాప్ బయటపెట్టి, టిఫిన్ డబ్బా కింద చెయ్యి పెట్టింది. చప్పుడు కాకుండా తువ్వాల్లో చుట్టి మూటకట్టిన తాళాల గుత్తి చేతికి తగిలింది.

తండ్రి తనని కొట్టుకి పెద్దని చేశాడని అర్థమైంది. ఆ క్షణమే ఆయన ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదనీ అర్థమైంది.

ఆ తర్వాత అందరూ వెతికారు. గూడెం స్టేషన్, మార్కెట్ యార్డు, బస్టాండు, కాలవ గట్లు. స్టేషన్ బయట పళ్ళమ్మే హన్నమ్మ, పెద్దాయన పొద్దున ఆఫీసుల రైలు వెళ్ళిపోయాక ప్యాసింజర్ కోసం చాలాసేపు బెంచీ మీద కూర్చున్నారని చెప్పింది. ఇంటికీ స్టేషన్‌కీ నడిచేంత దూరమే. గేటు దాటగానే ఫోన్ మోగి ఉంటే సరళ ఆ బెంచీ దగ్గరికి తీరుబడిగా వెళ్ళినా ఆయన దొరికేవారు.

మర్నాడు పొద్దున పోలీసుల దగ్గరనుంచి కబురొచ్చింది. భీమడోలులో రైలు దిగి, కొల్లేటి వైపు ఎండలో నడుచుకుంటూ పోయారట. చేపల చెరువు కాపలా మత్తయి గట్టు మీద ఆయన్ని చూశాడు. ఐశ్వర్య ఎదుట చేతులు కట్టుకు నిలబడి అతనే చెప్పాడు.

"మిట్టమధ్యాహ్నం నడిచొస్తన్నారండి. నీళ్ళిచ్చానండి. ఎవరి తాలూకండీ అంటే, గూడెం బెల్లం కొట్టు అన్నారండి. కుర్రతనంలో సైకిలు మీద బెల్లమేసుకుని ఈ ఊళ్ళన్నీ తిరిగేవోరంటండి. కొట్టెవరు చూత్తన్నారండీ అనడిగితే, ఇవాళ్టినుంచీ మా అమ్మాయయ్యా, ఇంక నాకు సెలవు, అందుకే ఓసారి చూసి పోదామనొచ్చాను అన్నారండి. సంతోషంగానే ఉన్నారండి. పాకలో నీడ పట్టున పడుకోమన్నానండి. చేపలకి మేతేసొచ్చి లేపితే లేవలేదండి."

ఐశ్వర్య అక్కడే గట్టు మీద కూలబడి, తండ్రి పోయాడని తెలిసినప్పుడు ఏడవనంత ఏడుపు ఏడ్చింది. ఇన్నాళ్ళూ ఆయన్ని ఇంటికి కట్టిపడేసింది ఆ గుత్తే. తను ఒక్కమాట సరిగ్గా దిద్ది ఉంటే ఆయన దాన్ని వదిలేవారు కాదు, గుమ్మం దాటినా దొరికేవారు.

కర్మకాండలు జరుగుతున్న రోజుల్లో పరామర్శకి వచ్చినవాళ్ళందరికీ సరళ ఒకటే మాట చెప్పింది. "ఫోన్ సరిగ్గానే చెప్పి ఉంటుందండీ. నేనే సరిగ్గా వెతకలేదు. ఇంట్లోనే ఎక్కడో ఉండి, నేను అటు చూస్తుండగా ఇటు వెళ్ళిపోయుంటారు." కూతురు చేసిన వస్తువు తప్పు చెప్పగలదన్న ఊహే ఆవిడకి రాలేదు. ఆ మాట విన్నప్పుడల్లా ఐశ్వర్య అక్కడినుంచి లేచి వెళ్ళిపోయేది.

ఇక ఉండబట్టలేక ఓ మధ్యాహ్నం తల్లిని గదిలోకి తీసుకెళ్ళి అంతా చెప్పేసింది. సంచిలో తాళాలు, తీసెయ్యడం మరిచిన ఫోన్, ఆ పచ్చటి అక్షరాలు ఎక్కడినుంచి వచ్చాయో. "నువ్వు వెతకడంలో తప్పేమీ లేదమ్మా. ఆయన అప్పటికే ఇంట్లో లేరు. నేనే నిన్ను ఇల్లంతా తిప్పాను."

సరళ లేచి గది తలుపు దగ్గరగా వేసింది.

"ఎవరికైనా చెప్పావా?"

"క్రాంతికి తెలుసు. ఇంకెవరికీ చెప్పలేదు."

"చెప్పకు" అంది సరళ.

సాయంత్రం వీరరాఘవులు గారి పక్క కొట్టు సూర్యనారాయణ గారు వచ్చారు. కాసేపు మంచీ చెడ్డా మాట్లాడి, ఐశ్వర్య వైపు ఓరగా చూస్తూ, "ఈ ఫోన్లని నమ్ముకుని మనిషిని వదిలేస్తే ఎలాగండీ? తాళం వేసుకుంటే ఇంత జరిగేదా?" అన్నారు.

ఐశ్వర్య నోరు తెరవబోయింది. సరళ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఫోన్ మోగిందన్నయ్యగారూ. నేనే కునుకు తీశాను" అంది.

సూర్యనారాయణ గారు నిట్టూర్చారు. "మనిషి సంగతి తెలిసి కూడా అంత మొద్దు నిద్రేంటమ్మా?" అన్నారు.

"అవునండీ" అని సరళ తల దించుకుంది.