మూరకు రెండు వేళ్ళు

కాళ్ళు గుంటలోకి జారవిడిచి, కొమురయ్య పాదాలతో తొక్కుడు చెక్కల కోసం వెతికాడు. అవి లేవు. మగ్గం తీసేసి వారం దాటింది. అయినా పొద్దున షిఫ్టుకి పిలిచే మిల్లు భోంగా మోగగానే ఒళ్ళు తనంతట తానే లేచి వచ్చి, గుంట అంచున పలక మీద కూర్చుంటోంది. ముప్పై ఏళ్ళ అలవాటుకి వారం రోజుల నష్టం ఒక లెక్కా? చాదస్తం అని తనని తానే తిట్టుకున్నాడు గానీ, లేవలేదు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. మగ్గం తీసి చూడు అని ఎవరూ అనలేదు. సోలాపూర్ దాజీ పేట్‌లోని ఆ ఇంటికి ఉన్నది ఒక్కటే పెద్ద గది. అందులో మగ్గం కాపురం ఉండేది, మిగిలిన జాగాలో మనుషులు సర్దుకునేవారు. కొడుకు రాజారాం కరెంటు మగ్గాల కార్ఖానాలో చేరాడు. తండ్రి చూపుకు తెగిన పోగు కనపడటం మానేసింది. అక్కల్‌కోట్ దిక్కు చుట్టం ఒకడు బండి తెచ్చి కర్రలన్నీ వేసుకుపోయాడు. మిగిలింది గుంట, కూర్చునే పలక. నడిమధ్య అరిగి పళ్ళెంలా పల్లం పడిన పలకని ఎవరు తీసుకుపోతారు?

మగ్గం పోయాక గదిలో వెలుతురు పుట్టింది. నేతకి వెలుగు కావాలని రేకుల కప్పులో ఎప్పుడో ఒక అద్దం పలక వేయించాడు. ఇన్నేళ్ళూ అందులోంచి దిగిన ఎండ బట్ట మీదే ఆగిపోయింది. ఇప్పుడది తిన్నగా నేల మీదికి దిగి, గది నడుమ చాప పరిచినట్టు పడుతోంది. కొమురయ్య రోజూ దాన్ని అలా చూస్తూ ఉండిపోతున్నాడు. తన ఇంట్లో ఇంత వెలుతురు ఉన్న సంగతి తనకే తెలియదు.

ఆ వెలుతురుకి అవతల, మూలన, యల్లమ్మ వీపు.

గుంటలో కూర్చున్నవాడికి లోకం మోకాళ్ళ దాకానే కనిపిస్తుంది. వచ్చింది ఎవరో కొమురయ్య పాదాలను బట్టే చెప్పేవాడు. పెళ్ళాన్ని మట్టెల చప్పుడుతో గుర్తుపట్టేవాడు. ఆమె వీపు ఇలా వంగి ఉంటుందని, పొయ్యి ఊదేటప్పుడు మెడ ఎముక పైకి తేలుతుందని ఈ వారంలోనే చూశాడు. ఆమె గోడకేసి కూర్చుంటుంది. గోడకేసే వండుతుంది. అందరూ తిని లేచాక గోడకేసే తింటుంది. లేవాలంటే ఎడమ చెయ్యి గోడకి ఆనించి, "ఓ ఎల్లమ్మ తల్లీ" అని తన పేరుగల దేవతనే పిలుచుకుని, ఒక్కో మోకాలూ బతిమాలి లేపుకుంటుంది. గోడ మీద ఆ అరచెయ్యి ఆనే చోట మసితో నల్లటి చెయ్యి అచ్చు పడిపోయింది. ఎన్నేళ్ళు ఆనిస్తే అంత నలుపు తేలుతుందో!

మగ్గం తీసిన మర్నాడే ఆ మోకాళ్ళు మొండికేశాయి. లేవబోయి పప్పు కుండతో సహా పడింది. రాజారాం మంచి కొడుకే. తల్లి పడిందని భయపడి, "ఇగ నువ్వు పొయ్యి కాడికి పోకే అవ్వ. గుంట పూడ్చి ఆడ మంచమేస్త. చంద్రభాగ వండుతది" అన్నాడు.

ఆ సాయంత్రం యల్లమ్మ మొగుడి పక్కన కూర్చుని, కండె చుట్టినంత నెమ్మదిగా అంది. "పొయ్యి కాడికెల్లి లేపినంక నాకు ఈ ఇంట్ల జాగేది అయ్యా?"

మగ్గం పోయినవాడికి ఆ ప్రశ్న అర్థం కావలసినంతా అర్థమైంది. మంచం వేస్తే మనిషి మంచానికే అతుక్కుపోతుంది. ఆ ఆలోచనతోనే ఒక పొద్దున గుంట అంచున కూర్చుని కాళ్ళు ఊపుతూ ఉంటే, తన కాళ్ళకేసి తానే ఆశ్చర్యంగా చూసుకున్నాడు. తనదీ యల్లమ్మ వయసే. తన మోకాళ్ళు ఇంకా నిక్షేపంగా ఉన్నాయి. గొంతుక్కూర్చోవడం ఎరగని మోకాళ్ళవి.

అప్పుడు పుట్టింది ఆ నక్షా.

ఈ రోజు మేస్త్రీ అంబాదాస్ వస్తానన్నాడు. అతను వచ్చేలోగా గీత గీసి ఉంచాలని కొమురయ్య పొద్దున్నే పనిలో పడ్డాడు. సుద్దముక్క పట్టడం అతనికి చేతకాదు. చేతనైంది దారం. పడుగు వేసినట్టు మేకులు పాతి, దారం లాగి, గది నడుమ తన ఊహని నేల మీద పరిచాడు. నడుమ ఒక గట్టు. గట్టు చుట్టూ మోకాలి లోతున గుంట, ఇప్పుడున్నదాన్నే నాలుగు పక్కలకీ తిప్పాలి. గుంట అంచున మనుషులు, కాళ్ళు కిందికి వేలాడేసుకుని. గట్టుకి ఒక పక్క పొయ్యి. పొయ్యి ముందు యల్లమ్మ. పైన అద్దం పలక, దాని పక్క రేకు కాస్త లేపితే పొగ పోతుంది.

"రా. కూసో" అన్నాడు పెళ్ళాన్ని.

"గుంటలనా?" ఆ ఇంట్లో ఆడవాళ్ళు మగ్గం గుంటలో కాలు పెట్టింది లేదు. యల్లమ్మ వంగలేక వంగి, అంచుని వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుంది. కోడలు చంద్రభాగ బీడీల చాట పక్కన పెట్టి వచ్చి భుజం పట్టుకుంది. యల్లమ్మ అంచున కూర్చుని ఒక కాలు దించింది. తర్వాత రెండోది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఏదో జరుగుతుందని చూసినట్టు చూసింది.

"ఏమాయె?" అన్నాడు కొమురయ్య.

"నొప్పి లేదయ్యా" అంది ఆమె. ఆ మాట తనకే నమ్మకం లేనట్టు మళ్ళీ అంది. "నొప్పి లేదు."

కొమురయ్య తల వంచుకుని పనిలో పడ్డాడు. ఆమె ఒక మోకాలి నుంచి రెండో మోకాలి దాకా దారం పట్టి ముడి వేశాడు. తర్వాత రాజారాంని కూర్చోబెట్టి ముడి వేశాడు. చంద్రభాగ వంతు వచ్చింది. సోలాపూర్‌లోనే పుట్టి, పంఢరపురం నది పేరు పెట్టించుకున్న పిల్ల. నోటికి భయం లేకపోయినా మామ ఎదుట కూర్చోవడానికి మాత్రం కొంగు సర్దుకుని తటపటాయించింది. "మామ ముంగట నేను గిట్ల కాళ్ళేసుకుని కూసుంటే పేటంత నవ్వుతది."

"నవ్వితే పండ్లు గనపడతయి. నవ్వనీ. నీ చాటకు గూడ జాగ పెట్టిన."

ఆమె కూర్చుంది, చాటతో సహా. మనవరాలు లక్ష్మికి జానెడు జాగా ఎక్కువే పెట్టాడు, పెరిగే పిల్ల గనక.

అంబాదాస్ వచ్చేసరికి ఎండ నడుమకి చేరింది. గడపలోనే ఆగిపోయాడు. ఊరంతా పొయ్యిని మూలన పెడుతుంటే నడింట్లో ఓటా కట్టమన్న మనిషిని అతను ఎరగడు. ఓటా అంటే అక్కడి మాటలో వంటగట్టు. "అరే బాప్రే. ఇదేం నక్షా మామా? పొయ్యి చుట్టూ పంచాయితీనా?"

"పంచాయితే. సర్పంచి మీ అత్త."

అంబాదాస్ నవ్వుతూ చెప్పులు విప్పి, దారం చుట్టూ ఒకసారి తిరిగాడు. రెండోసారి నవ్వు లేకుండా తిరిగాడు. మధ్యలో నిలబడి నాలుగు పక్కలకీ చూశాడు. వండే మనిషి వీపు ఎవరికీ కనపడదు. అందరి మొహాలూ అందరికీ. ఎవరూ ఎత్తులో లేరు, ఎవరూ పల్లంలో లేరు. "షాణ్యా మనిషివి మామా" అన్నాడు చివరికి. తెలివిగలవాడివని మరాఠీలో మెచ్చుకోవడం అది.

తర్వాత తన కర్ర తీసి కొలవడం మొదలుపెట్టాడు. ముడులు లెక్కపెట్టాడు, అంచు కొలిచాడు, బుర్ర గోక్కున్నాడు. "ముడుల లెక్కకంటే దారం ఎక్కువున్నది. ఈ దిక్కు ఇంత జాగ ఖాళీ వస్తున్నది. కశాలా? ఎందుకిది?"

"మూరకు రెండు వేళ్ళ చొప్పున ఎక్కువ పట్టిన" అన్నాడు కొమురయ్య, అది కూడా చెప్పాలా అన్నట్టు. "రేపు ముడుసుకపోతది గద."

"ఏంది ముడుసుకపోయేది?"

"ఇగో, ఈ గట్టు..."

ఆ మాట గాలిలోనే ఉండగా కొమురయ్యకి తెలిసిపోయింది. మగ్గం మీది కొలత వేరు, నీళ్ళలో పడ్డ బట్ట కొలత వేరు. అందుకే ప్రతి నేతగాడూ కొలతకి రెండు వేళ్ళు ముందే కలుపుకుంటాడు. ఆ చెయ్యి బుర్రని అడగదు.

"రాయి, సున్నం మామా" అన్నాడు అంబాదాస్ మెల్లగా. "ఇది చీర గాదు. నీళ్ళల్ల ఏస్తే కుంచుకపోదు."

చంద్రభాగ కొంగు నోట్లో కుక్కుకుంది. లాభం లేకపోయింది. రాజారాం పగలబడి నవ్వాడు. చివరికి కొమురయ్య కూడా తన బోడి తల నిమురుకుంటూ నవ్వి, మేకు పీకడానికి వంగాడు. మూరకు రెండు వేళ్ళు పెద్ద లెక్కేం కాదు. కానీ చుట్టూ కలిపితే సరిగ్గా ఒక మనిషి కూర్చునేంత తేలింది.

"ఆగు" అంది యల్లమ్మ.

ఆమె ఇంకా గుంట అంచునే కూర్చుని ఉంది. నొప్పి లేని ఆ చోటు నుంచి లేవబుద్ధి కాక. "నాకు ముడేసినవు. పోరనికి, కోడలికి, పిల్లకు ఏసినవు. బీడీల చాటకు గూడ ఏసినవు. నీ ముడేదయ్యా?"

కొమురయ్య దారంకేసి చూశాడు. ముడులు తడిమాడు. దారం పట్టుకున్నవాడు తనే గనక, తనని ఎవరూ కొలవలేదు. తనకా ఊహే రాలేదు.

"ఆ మేకు ముట్టకు. అది నీ జాగ" అంది యల్లమ్మ.

ఎవరూ నవ్వలేదు. అంబాదాస్ కర్ర చంకలో పెట్టుకుని, వచ్చే వారం రాళ్ళు వేయిస్తానని చెప్పి వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నం వాళ్ళు ఇంకా కట్టని గట్టు చుట్టూ కూర్చుని తిన్నారు. కొమురయ్య తన పలకని తెచ్చి, ఎక్కువైన ఆ మూరలో వేసుకున్నాడు. దారం మీదుగా జొన్నరొట్టెలు అటూ ఇటూ నడిచాయి. పుంటికూర పప్పు, పల్లీలు దంచిన షేంగా చట్నీ. పాత గుంట ఉన్నవైపు యల్లమ్మ కాళ్ళు దించుకుని కూర్చుంటే, మిగతావాళ్ళు గుంట ఉందనుకుని కూర్చున్నారు. లక్ష్మి లేని గట్టుకి తగలకుండా మోచెయ్యి జాగ్రత్తగా ఎత్తి పట్టుకుని తింది.

"నువ్వు గూడ పెట్టుకో" అన్నాడు కొమురయ్య.

యల్లమ్మ కొడుకుకేసి, కోడలికేసి చూసి, తన కంచంలో రొట్టె వేసుకుంది. అందరితో పాటు తినడం ఎలాగో తెలియక మొదటి ముద్ద చాలాసేపు చేతిలోనే పట్టుకుంది. అద్దం పలక నుంచి దిగిన ఎండ ఆమె మొహం మీద పడుతోంది. గడ్డం మీద పచ్చబొట్టు చుక్క ఒకటి ఉంది. పెళ్ళినాడు తలంబ్రాలు పోస్తూ కొమురయ్య ఆ చుక్కని చూశాడు. తర్వాత ఎప్పుడు మరిచాడో తెలియదు. ఇన్ని వేల గజాల బట్ట కళ్ళారా చూసినవాడు, ఇంట్లో ఉన్న ఈ మొహాన్ని ఇంతసేపు ఎప్పుడైనా చూశాడా? గుడిలో హారతి చూసినట్టు, తినడం మాని చూశాడు.

"ఏంది గట్ల చూస్తున్నవు?"

"ఏం లేదు. చట్నీ ఎయ్యి."

తిన్నాక రాజారాం పనికి వెళ్ళాడు. చంద్రభాగ చుట్టిన బీడీలు మూటకట్టుకుని, లక్ష్మిని వెంటబెట్టుకుని బీడీ కార్ఖానాకి పోయింది. కొమురయ్య పలక మీదే ఉండిపోయాడు. వెనక గుంజకి వీపు ఆనించి, దారం కొస వేలికి చుట్టుకుని, "జర కండ్లు మూసుకుంట" అన్నాడు. యల్లమ్మ పక్కనే కూర్చుని చాటలో బియ్యం ఏరుతూ, గట్టు మీద ఉప్పు డబ్బా ఎటు, నూనె గిన్నె ఎటు అని పైకే మాట్లాడుకుంది. అతను ఒకసారి "ఊఁ" అన్నాడు. ఎండ చాప మెల్లగా జరిగి అతని కాళ్ళ మీద నుంచి గోడకి ఎక్కింది.

సాయంత్రం భోంగా మోగింది. "లెవ్వు, చాయ్ పెడ్త" అంది యల్లమ్మ. ముప్పై ఏళ్ళలో భోంగాకి లేవని రోజు అతనికి లేదు. ఆమె బియ్యం చాట పక్కన పెట్టింది. అతని మొహంలో ఆ మధ్యాహ్నపు తృప్తి అలాగే ఉంది. వేలికి చుట్టిన దారం కొస బిగుతుగా ఉంది.

కొమురయ్య దినాలు అయ్యాక అంబాదాస్ రాళ్ళతో వచ్చాడు. మేకులూ దారమూ అలాగే ఉన్నాయి. ఏడవడానికి వచ్చిన జనాన్ని కూడా యల్లమ్మ వాటిని తొక్కనివ్వలేదు. అతను ఆ పక్క కొలిచి, అడగలేక అడిగాడు. "అత్తా, ఈ మూర... ఇప్పుడు తీసెయ్యాల్నా?"

"ఆయన మేకు జరపకు" అంది ఆమె.

గట్టు లేచింది. నవ్వుదామని వచ్చిన పేట ఆడవాళ్ళు ముక్కున వేలేసుకుని, ఒకరి తర్వాత ఒకరు గుంటలోకి కాళ్ళు దించి చూసుకున్నారు. మొదటి పొద్దున యల్లమ్మ పొయ్యి ముందు కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని తలెత్తింది. కోడలు నమిలేటప్పుడు కళ్ళు మూసుకుంటుంది. కొడుకు వేడి రొట్టె ముందు వాసన చూస్తాడు, అచ్చం తండ్రిలాగే. ఇవి ఇన్నేళ్ళూ తన వీపు వెనక జరిగాయి. "ఇన్నొద్దులు ఈ మొహాలు ఏడ దాచుకున్నరే" అని నవ్వబోయి, కళ్ళు తుడుచుకుంది. పొగ అని ఎవరూ అనుకోలేదు.

ఎక్కువైన ఆ మూరలో పలక వేసి ఉంచారు. దాని మీద కూర్చోవద్దని ఎవరూ ఎవరికీ చెప్పలేదు, ఎవరూ కూర్చోలేదు. చలికాలం పొద్దున్నే రొట్టె తిప్పుతూ యల్లమ్మ ఒక చెయ్యి చాపి తాకితే, నడుమ అరిగిన ఆ పలక పొయ్యి సెగకి వెచ్చగా ఉండేది.